కట్ట విరిగిందన్న గొంతు

ఆ మాటలు తన నోట వచ్చినవో కాదో వినీలకు మొదట తెలియలేదు. అన్నిటికంటే ఎక్కువ భయపెట్టింది అదే.

ఆగస్టు నెల, సోమవారం ఉదయం పదిన్నర. బెజవాడ భవానీపురంలో రెండో అంతస్తులోని వాళ్ళ ఇంట్లో, పడకగది పక్కనున్న చిన్న గదిలో కూర్చుని ఆమె ఒక చీరల దుకాణం ప్రకటన చదువుతోంది. ఒకప్పుడు అది సామాన్ల గది. గోడలకు పాత బొంతలు వేలాడదీసి, తలుపు సందుల్లో స్పాంజి కూరి, చప్పుడు చేస్తుందని ఫ్యాను కూడా తీసేసి దాన్ని స్టూడియో చేసుకుంది. పన్నెండేళ్ళుగా చెమటలు కక్కుకుంటూ అందులోనే పని. సీరియళ్ళలో కోడళ్ళకూ అత్తలకూ గొంతిచ్చింది. ఎన్నో ఆఫీసులకు ఫోన్ చేస్తే "తెలుగు కోసం ఒకటి నొక్కండి" అని పలకరించేది ఆమే. నిరుడు వరదల కాలంలో రెవెన్యూ ఆఫీసువాళ్ళు అడిగితే లంక గ్రామాలకు ప్రమాద హెచ్చరికలు కూడా చదివిపెట్టింది. ఆటోలకు మైకులు కట్టి ఏటి ఒడ్డునున్న కరకట్ట మీద తిప్పేటప్పుడు వినిపించే గొంతు అదే.

చీరల ప్రకటన సగంలో ఉండగా ఫోన్ అదిరింది. రెల్లులంక నుంచి శౌరయ్య ఒక వాయిస్ మెసేజ్ పంపాడు. తెరిస్తే వినిపించింది ఆయన గొంతు కాదు, ఆమె గొంతు.

"రెల్లులంక వాసులకు ముఖ్య గమనిక. లంకకు ఎగువ వైపున కట్ట విరిగింది. గంటలోపు నీరు ఊరిలోకి ప్రవేశిస్తుంది. సామాను కోసం ఆగకుండా వెంటనే పడవలెక్కి కరకట్టకు చేరుకోండి."

అదే నిదానం. ప్రతి వాక్యం చివరా అదే చిన్న విరామం. వినీల రెండోసారి విన్నది, మూడోసారి విన్నది. తను ఎప్పుడు చదివింది ఇది? నిరుడు చదివిన హెచ్చరికల ఫైళ్ళన్నీ కంప్యూటర్లో తీసి చూసింది. ఎక్కడా లేదు. అయినా నమ్మకం కుదరలేదు. రోజుకు వంద ముక్కలు చదివే మనిషికి ఏం చదివిందో అంతా గుర్తుండదు కదా. ఏ పరీక్ష కోసమో ఎవరో చదవమంటే చదివి మర్చిపోయిందేమో. అది ఇప్పుడు పొరపాటున బయటికి పోయిందేమో.

థర్మల్ స్టేషన్లో నైట్ షిఫ్టు చేసి వచ్చి నిద్రపోతున్న భర్త యేసుకుమార్‌ను లేపి వినిపించింది. అతను కళ్ళు తెరవకుండానే "నీదేగా" అన్నాడు.

అప్పుడు, అతని పక్కన మంచం అంచున కూర్చుని నాలుగోసారి వింటుంటే, ఒక మాట దగ్గర ఆగింది. కట్ట విరిగింది. వినీల నాన్న పామర్రు దగ్గర కాలవ లాకుల మీద ముప్ఫై ఏళ్ళు గేట్లు ఎత్తి దించే లస్కరుగా పనిచేసినవాడు. ఆ ఇంట్లో పుట్టిన పిల్ల ఆ మాట అనదు. కర్ర విరుగుతుంది, కాలు విరుగుతుంది. కట్ట తెగుతుంది, లేకపోతే గండి పడుతుంది. కాగితం మీద ఎవరు అలా రాసిచ్చినా ఆమె దిద్దుకుని చదివేది. ఇది తను చదివింది కాదు. ఎవరో ఎక్కడో కూర్చుని తన గొంతు తయారుచేశారు.

ఆ సంగతి తెలిసి ఊరట కలగాలి. కలగలేదు.

శౌరయ్యకు ఫోన్ చేసింది. రెల్లులంక కృష్ణ మధ్యలో అరవై గడపల ఊరు. అరటి, పసుపు, కంద పండిస్తారు. కొన్ని కుటుంబాలు చేపలు పడతాయి. చుట్టూ ఊరివాళ్ళే పోసుకున్న మట్టికట్ట. శౌరయ్య అక్కడ పడవ నడుపుతాడు. అరవై దాటినవాడు. వినీలకు ఆయన పరిచయమైంది ఆమె సరదా వల్ల. వారమంతా మూసిన గదిలో తన గొంతు తనే విని విసిగిపోయి, నెలకో రెండు నెలలకో ఆదివారం ప్రార్థన అయ్యాక చిన్న రికార్డరు పట్టుకుని ఏటి ఒడ్డుకు పోతుంది. కొంగలు లేచే చప్పుడు, అరటాకుల మీద వాన, తెడ్డు నీళ్ళలో పడే చప్పుడు పట్టుకొచ్చుకుంటుంది. ఎవరికీ అమ్మదు, ఎక్కడా పెట్టదు. రాత్రి పడుకునేముందు వింటుంది, అంతే. ఈత రాదు. నీళ్ళంటే చిన్నప్పటి నుంచి భయం. అందుకని ఎప్పుడూ లంకలోకి పోలేదు. ఒడ్డునే కూర్చుంటే శౌరయ్యే ఆమెకు కావలసిన చప్పుళ్ళు చేసిపెట్టేవాడు. ఒకసారి పడవలో వచ్చిన మంగాయమ్మ అనే పెద్దావిడ తన బాతుల్ని ఎలా పిలుస్తుందో పిలిచి వినిపించి, సిగ్గుపడి నవ్వింది.

ఫోన్ చాలాసేపు మోగాక శౌరయ్య ఎత్తాడు. వెనక జనం అరుపులు.

"అమ్మా, అది నువ్వు చెప్పిందేనా?"

"కాదు బాబాయ్. నేను చెప్పలేదు. ఎవరో దొంగ మెసేజ్ పెట్టారు."

"నీ గొంతేగదమ్మా," అన్నాడాయన. తర్వాత జరిగింది చెప్పాడు. తొమ్మిదింటికి ఆ మెసేజ్ ఊరి గ్రూపులో పడిందట. నది నిండుగానే ఉంది, ఎగువన వానలు. ఎవరూ కట్ట దాకా వెళ్ళి చూడలేదు. ఉన్నవాళ్ళు ఉన్నట్టు రేవుకు పరిగెత్తారు. తోపులాటలో మంగాయమ్మ పడవకూ రేవు మెట్టుకూ మధ్య పడింది. తుంటి ఎముక విరిగింది. ఆమెను బెజవాడ ఆసుపత్రికి తీసుకుపోతున్నారు. గంట దాటినా ఊళ్ళోకి నీళ్ళు మాత్రం రాలేదు.

సాయంత్రానికి అసలు సంగతి బయటపడింది. కట్ట ఎక్కడా చెక్కు చెదరలేదు. జనం కరకట్ట మీద ఉన్న నాలుగు గంటల్లో అవతలి ఒడ్డు నుంచి ఎవరో పడవలేసుకుని వచ్చి, పొలాలకు నీళ్ళు తోడే ఆయిల్ ఇంజన్లు పదకొండు విప్పుకుపోయారు.

మర్నాడు ఎస్సై గంగాప్రసాద్ వినీలను స్టేషన్‌కు రమ్మన్నాడు. మర్యాదగానే మాట్లాడాడు. కుర్చీ వేయించాడు, టీ తెప్పించాడు. నిన్న తొమ్మిదింటికి ఎక్కడున్నారని మూడు రకాలుగా మూడుసార్లు అడిగాడు. మీ గొంతు ఎవరెవరి దగ్గరుందని అడిగితే వినీలకు ఏం చెప్పాలో తోచలేదు. ఎవరి దగ్గర లేదు కనక? మూడేళ్ళ కిందట ఏదో కంపెనీ కోసం నలభై గంటలపాటు విడివిడి వాక్యాలు చదివింది. కాగితం మీద ఏం రాసుందో చదవకుండా సంతకం పెట్టింది. ఆ కంపెనీ ఇప్పుడు ఉందో లేదో కూడా తెలియదు. అదంతా ఎస్సై రాసుకున్నాడు.

"మీరేం కంగారు పడకండి మేడం," అన్నాడు చివర్లో. "ఊరు దాటి వెళ్ళాల్సొస్తే మాత్రం నాకొక మాట చెప్పి వెళ్ళండి."

టీ ముట్టుకోకుండానే ఆమె లేచి వచ్చేసింది.

రెండు రోజులకు కొత్త నంబరు నుంచి ఫోన్ వచ్చింది. మధ్యాహ్నం, వంటింట్లో చారు కాస్తోంది. పనేమోనని ఎత్తింది. అవతలి నుంచి తన గొంతే, అదే నిదానంతో, పలకరించింది.

"బాగున్నారా వినీలగారూ? పోలీసుల దగ్గర ఎక్కువ మాట్లాడకండి. మీ గొంతు మీకు పనికిరావాలి కదా."

ఫోన్ ఎప్పుడు కట్టయిందో ఆమెకు తెలియదు. చారు పొంగి పొయ్యి ఆరిపోయింది. యేసుకుమార్ వచ్చేసరికి వంటింటి గట్టుకు ఆనుకుని నేల మీద కూర్చునుంది. ఎస్సైకి చెప్పారు. నంబరు ఎవరో అమాయకుడి పేరు మీద ఉందని తేలింది, అంతకుమించి తెలియలేదు.

అప్పటి నుంచి ఆమె బయట నోరు తెరవడం మానేసింది. కూరలబండి దగ్గర వేలితో చూపించేది. ఆటో ఎక్కితే ఫోన్లో వెళ్ళే చోటు పేరు రాసి చూపించేది. చర్చిలో ఆదివారం వాక్యం చదివే వంతు వస్తే గొంతు నొప్పని తప్పించుకుంది. స్టూడియో గది తలుపు తీయలేదు. ఒప్పుకున్న పనులు ఒక్కొక్కటే చేజారిపోయాయి. ఇంట్లో యేసుకుమార్‌తో కూడా గుసగుసగానే మాట్లాడేది, గోడలు విని దాచుకుంటాయన్నట్టు. అతను ఓపికగా విన్నాడు. డాక్టరు దగ్గరికి పోదామన్నాడు. డాక్టరుతోనూ మాట్లాడాల్సి వస్తుందని ఆమె ఒప్పుకోలేదు.

ఒకరోజు మాత్రం ధైర్యం చేసి, బత్తాయిలు కొనుక్కుని మంగాయమ్మ ఉన్న ఆసుపత్రికి వెళ్ళింది. వార్డు గుమ్మం దాకా వెళ్ళింది. మూడో మంచం మీద పెద్దావిడ మూలుగుతోంది. పక్కన కోడలు కాబోలు, సన్నగా పొడుగ్గా ఉన్న మనిషి, తడిగుడ్డతో మొహం తుడుస్తోంది. లోపలికి వెళ్తే ఏదో ఒకటి అనాలి. అంటే ఆ గొంతు గుర్తుపడతారు. వినీల బత్తాయిల సంచి గుమ్మం పక్కన బల్ల మీద పెట్టి వెనక్కి వచ్చేసింది.

ఆ దొంగ ఫోన్ వచ్చిన ఇరవై రోజులకు నిజంగానే వరద వచ్చింది.

బుధవారం నుంచీ ఎగువన ఒకటే వాన. గురువారం పొద్దున్నకల్లా బ్యారేజీ గేట్లన్నీ ఎత్తేశారు, రెండో ప్రమాద హెచ్చరిక ఇచ్చారు. భవానీపురంలో ఏటి వైపు వీధుల్లోకి నీళ్ళొస్తున్నాయని టీవీలో చెబుతున్నారు. తొమ్మిదిన్నరకు శౌరయ్య ఫోన్ చేశాడు. ఆయన పేరు చూసి వినీల ఎత్తింది, అయినా ఆయన మాట్లాడేదాకా తను మాట్లాడలేదు.

"అమ్మా, మైకు పొద్దున్నించీ మోగుతానే ఉంది. నీ గొంతే. ఒక్కళ్ళూ కదల్లేదు."

మిగిలిందంతా గడగడా చెప్పాడు. ఆఫీసర్లు పడవలో వచ్చి బతిమాలారట. ముందు మా ఇంజన్లు తెచ్చివ్వండి, తర్వాత వస్తామన్నారట. ఈసారి గొడ్లను తోలుకుపోడానికి వేసిన ఎత్తని కొందరంటున్నారు. నిరుటి వరద కూడా కట్ట అంచు దాకా వచ్చి వెనక్కి తీసిందిగా, ఇదీ అంతేనని కొందరు. కట్టకు తూర్పువైపు చెమ్మ ఊరుతోంది. ఇంకో ఏడెనిమిది గంటలు నిలిస్తే గొప్ప.

మైకులో మగగొంతు పెట్టమని వినీల గుసగుసగా అన్నది. ఎవరి గొంతైనా ఒకటే అంటున్నారమ్మా, ఫోన్లో వచ్చేదీ మైకులో వచ్చేదీ ఏదీ నమ్మం అంటున్నారు అన్నాడాయన. రమ్మని మాత్రం అడగలేదు. అడగకపోయినా ఎందుకు ఫోన్ చేశాడో ఆమెకు అర్థమైంది.

యేసుకుమార్ డ్యూటీలో ఉన్నాడు. ఫోన్ చేస్తే, రెండింటికి షిఫ్టు దిగుతాను, ఇద్దరం పోదాం, ఒక్కదానివీ కదలొద్దన్నాడు. సరేనన్నది. పది నిమిషాలు అటూ ఇటూ తిరిగింది. రెండింటికి ఇతను దిగి, అక్కడికి చేరేసరికి నాలుగున్నర. ఎస్సైకి "రెల్లులంక వెళ్తున్నాను" అని మెసేజ్ పెట్టి, ఇంటికి తాళమేసి బస్టాండుకు పోయింది. పామర్రు బస్సులో కిటికీ పక్కన కూర్చున్నంతసేపూ ఎవరు ఫోన్ తీసినా ఉలిక్కిపడుతూనే ఉంది. పామర్రులో దిగి ఆటో ఎక్కి కరకట్ట చేరేసరికి పన్నెండు దాటింది.

కరకట్ట మీద నిలబడి నదిని చూసిందాకా వెనక్కి తిరగొచ్చనే అనుకుంటోంది. నది లేదు. ఎర్రటి మైదానం ఒకటి మొత్తంగా జారిపోతున్నట్టుంది. మధ్యలో చెట్లు, ఒక గుడిసె పైకప్పు, కాళ్ళు పైకి తేలిన దూడ. రెల్లులంక ఒక పచ్చని గీతలా కనిపిస్తోంది. రేవు దగ్గరున్న రెవెన్యూ ఉద్యోగి ఆమె ఎవరో తెలిసి లైఫ్ జాకెట్ తొడిగించాడు. శౌరయ్య చెయ్యి పట్టుకుని ఇంజను పడవలో ఎక్కించాడు. ఆమె కళ్ళు మూసుకుని బల్లను రెండు చేతులా పట్టుకుంది. నీళ్ళు పడవ అడుగున రాసుకుపోతూ చేసే ఆ గరగర చప్పుడు, ఇన్నేళ్ళూ ఒడ్డున కూర్చుని ఇష్టంగా పట్టుకున్నది, ఇప్పుడు పాదాల కిందనే వినిపించింది. దారిలో రెండుసార్లు వాంతి చేసుకుంది.

బడి అరుగు మీద ఊరు ఊరంతా ఉంది. శౌరయ్య ఆమెను ముందుకు తెచ్చి, హెచ్చరికలు చదివే వినీలమ్మ ఈవిడేనని చెప్పాడు. అందరూ ఆమె వైపు తిరిగారు.

ఏం చెప్పాలో బస్సులో నాలుగుసార్లు అనుకుని పెట్టుకుంది. నోరు తెరిస్తే బొంగురుగా, అదురుతూ, సగం గాలే వచ్చింది. ఇరవై రోజులుగా వాడని గొంతు.

"నీళ్ళు వస్తున్నాయండీ. నిజంగానే."

వెనక నుంచి ఎవరో నవ్వారు. "ఇది ఆ గొంతు కాదే," అన్నారు. ఇంకెవరో, ఈవిడెవరో, ఎవరు పంపారో అడగండన్నారు.

"భయమేస్తోందండీ," అన్నది వినీల. "అందుకే ఇట్టా ఉంది."

సన్నగా పొడుగ్గా ఉన్న ఆడమనిషి ఒకామె జనంలోంచి వచ్చి ఎదురుగా నిలబడింది. ఆసుపత్రిలో చూసిన కోడలు. పేరు పద్మశ్రీ అని తర్వాత తెలిసింది.

"మా అత్త తుంటి విరగ్గొట్టిన గొంతు మీదేనా?"

"గొంతు నాదే. మాట నాది కాదు."

"ఒకసారన్నా చూడ్డానికి రాలేదే?"

వినీలకు అబద్ధం చెప్పడానికి ఆ క్షణంలో శక్తి లేదు.

"వచ్చాను. గుమ్మం దాకా వచ్చి తిరిగిపోయాను. నోరు తెరిస్తే గుర్తుపట్టి తిడతారని భయమేసింది. బత్తాయిలు బల్ల మీద పెట్టాను."

పద్మశ్రీ చాలాసేపు ఆమె మొహంలోకి చూసింది. బత్తాయిలు ఎవరు పెట్టారో తెలియక వారం రోజులు వాటిని ముట్టుకోలేదని మెల్లగా అన్నది. ఎదుటి నుంచి మాత్రం తప్పుకోలేదు.

వినీల అక్కడే అరుగు మీద కూలబడింది. నిలబడే ఓపిక లేకనే కూర్చుంది గానీ, కూర్చున్నాక అదే మాటగా వచ్చింది. నన్ను నమ్మమని అడగనన్నది. మీరు నమ్మినా నమ్మకపోయినా నేనిక్కడే ఉంటాను, మీలో చివరి మనిషి పడవెక్కాకే ఎక్కుతానన్నది. నాకు ఈత రాదు, ఇది అబద్ధమైతే ఈ ఏరు దాటి ఎందుకు వస్తానని అడిగింది. లైఫ్ జాకెట్ విప్పి ఒళ్ళో పెట్టుకుంది. ధైర్యంతో కాదు, అది గుండె మీద బిగిసి ఊపిరాడక. దాన్ని పక్కనున్న ముసలాయన మరోలా అర్థం చేసుకుని తల పంకించాడు.

ఎవరూ కదల్లేదు. వాన జల్లు మొదలైంది. పావుగంట గడిచింది. ఆమె వణుకుతూనే ఉంది, పళ్ళు కొట్టుకోవడం పక్కవాళ్ళకు వినపడుతోంది. పద్మశ్రీ ఇంటికి వెళ్ళి గేదెను కట్టిన తలుగు తాడు విప్పుకుని, భుజాన బట్టల మూటతో బయటికి వచ్చింది.

"నేను పోతున్నా," అన్నది ఎవరితోనూ కాకుండా. "ఎత్తు వేసేవాళ్ళు అట్టా వణకరు."

ఆమె వెనక ఇద్దరు కదిలారు. ఆ తర్వాత పది ఇళ్ళు. ఒకటిన్నర నుంచి నాలుగున్నర దాకా నాలుగు పడవలు తిరుగుతూనే ఉన్నాయి. వినీల అరుగు మీదనే ఉంది. ఎవరో కప్పుకోమని దుప్పటి ఇచ్చారు. మూడింటికి తూర్పువైపు నుంచి పెద్ద చప్పుడు వచ్చింది, లారీ మట్టి దించినట్టు. కట్టకు గండి పడింది. వీధి చివర నీళ్ళు నాలుకలా కనిపించాయి. తర్వాత అరుగు మొదటి మెట్టు మునిగింది, తర్వాత రెండోది. ఆమె కాళ్ళు ముడుచుకుని గోడకు ఒత్తుకుంది. ఇంకా పదిహేనుమంది ఉన్నారు. వెళ్ళిపోదామని ప్రాణం కొట్టుకుంది. పెద్ద మాట అన్నందుకు తనను తనే తిట్టుకుంది. దేవుణ్ణి ఏమని అడగాలో కూడా తోచక, ప్రభువా ప్రభువా అని అదే మాట అనుకుంటూ కూర్చుంది.

చివరి పడవకు శౌరయ్యే వచ్చాడు. అప్పటికి అరుగు మీద నీళ్ళు మోకాలి దాకా ఉన్నాయి. ఆమె చేతులు కిటికీ ఊచలను వదల్లేదు. ఆయన ఒక్కొక్క వేలే విప్పి పడవలో వేసుకున్నాడు. ఏటి మధ్యలో తాడిమొద్దు ఒకటి వచ్చి పడవ పక్కను గుద్దింది. పడవ ఒరిగి నీళ్ళు లోపలికి వచ్చాయి, ఇంజను రెండుసార్లు దగ్గి ఆగిపోయింది. ప్రవాహం వాళ్ళను పక్కకు లాగేస్తుంటే శౌరయ్య ఇంజను తాడు లాగుతూనే ఉన్నాడు. ఐదోసారికి అందుకుంది. ఒడ్డున యేసుకుమార్ నడుం లోతు నీళ్ళలోకి దిగి నిలబడున్నాడు. ఆమెను ఎత్తుకుని కరకట్ట ఎక్కించాడు.

రెల్లులంక నాలుగు రోజులు నీళ్ళలో ఉంది. ఇరవై ఇళ్ళు పడిపోయాయి, అరటి మొత్తం పోయింది. మనిషి ఒక్కరూ పోలేదు. పది రోజుల తర్వాత అవతలి ఒడ్డున ఒక రేకుల షెడ్డులో ఏడు ఇంజన్లు, ఇద్దరు మనుషులు దొరికారు. గొంతు తయారుచేసిచ్చినవాడు ఎవరో తమకు తెలియదని, ఫోన్లోనే పరిచయమని వాళ్ళు చెప్పారట. అతను ఇంకా దొరకలేదు. ఎస్సై ఈ సంగతి చెబుతుంటే వినీల తన ఫోన్‌ను బోర్లా తిప్పి పెట్టుకుంది.

వరద వచ్చిన రోజు సాయంత్రం అందరినీ పామర్రు వైపు ఒక హైస్కూల్లో పెట్టారు. నేల మీద వరసగా చాపలు, అన్నం పొట్లాలు. పద్మశ్రీ వచ్చి వినీల పక్కన కూర్చుంది. ఇంకా ఆసుపత్రిలోనే ఉన్న అత్తకు ఫోన్ చేశానని, బాతులేమయ్యాయని ఒకటే ఏడుపని చెప్పింది.

"మళ్ళీ మీ గొంతుతో అట్టాంటిది వస్తే మాకెట్టా తెలుస్తుందక్కా?"

"నాకు ఫోన్ చెయ్యండి. నంబరిస్తాను."

"ఫోన్లో కూడా వాళ్ళే మాట్లాడితే?"

పద్మశ్రీ చేతిలో అన్నం ముద్ద పట్టుకుని ఆలోచించింది.

"అయితే ప్రతిసారీ మీరే రావాల్సి ఉంటుంది," అన్నది.

బయట ఏదో ఆటో మైకులో కింది ఊళ్ళకు హెచ్చరిక చదువుకుంటూ వెళ్తోంది, వినీల గొంతుతోనే. ఆమె అది దూరమయ్యేదాకా ఆగింది. ఆ ఎర్రటి నీళ్ళు కళ్ళ ముందు మెదిలాయి.

"వస్తాను," అన్నది.